ముప్పై ఒకటో నంబరు నర్సు

ఆసుపత్రి నుంచి ఫోను వస్తే ఆ ఇంట్లో అందరికంటే ముందు భయపడేది వీరయ్యే. అయితే భయపడ్డట్టు తెలిస్తే పరువు పోతుంది కాబట్టి, ఆ భయాన్ని అప్పటికప్పుడు కోపం కింద మార్చేసి వాడుకునేవాడు. రెండుసార్లు సర్పంచిగా చేసినవాడికి అదేమంత పెద్ద విద్య కాదు.

"ఏందంట?" అంది భార్య పిచ్చమ్మ పొయ్యి దగ్గర్నుంచి.

"ఆసుపత్రి మేనేజరు. ఒకసారి వచ్చి పొమ్మంటన్నాడు. నా ఫైలు ఎవరో చూశారంట."

"చూస్తే?"

"చూస్తే ఏందంటావేందే? నా ఫైలు ఎవరైనా ఎందుకు చూడాలి?"

పిచ్చమ్మ పెనం మీద అట్టుకు మూత పెట్టి, ఆ మూత వంకే చూస్తూ నిలబడింది. అట్టు మాడింది. వీరయ్య ఆమె మొహం ఒకసారి చూసి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ ఆయన తన కోపం పనిలో తాను ఉన్నాడు.

వీరయ్యకు షుగరు చాలా ఏళ్లుగా ఉంది. ఈమధ్య అది కిడ్నీల జోలికి వెళ్లింది. ఊళ్లో మాత్రం ఎవరడిగినా "గ్యాసు" అనే చెబుతాడు. గ్యాసున్న మనిషికి జనం ఓటేస్తారు, కిడ్నీలు పోతున్న మనిషికి వెయ్యరు. ఈయన అయిదేళ్లు ఉంటాడా అని అరుగుల మీద కూర్చుని లెక్కలు కడతారు. మూడోసారి సర్పంచి కావాలని ఉన్నవాడు అంతదాకా రానివ్వకూడదు. అందుకే రొంపిచెర్లలో నరసరావుపేట బస్సు ఎక్కే ప్రతిసారీ చేతిలో ఒక ఖాళీ సంచి పట్టుకునేవాడు, అడిగినవాళ్లకు పురుగుమందుల కొట్టుకని చెప్పటానికి. ఆ లెక్కన ఆయన పొలంలో ఇప్పటికి ఒక్క పురుగు కూడా మిగిలి ఉండకూడదు.

ఆసుపత్రిని ఎంచింది పిచ్చమ్మ. ఆయన గుంటూరు పోదామంటే, "గుంటూరు ఎందుకు, పేటలో ట్రస్టు ఆసుపత్రి ఉందిగా" అని పట్టిన పట్టు వదల్లేదు. బయటి విషయాల్లో ఎన్నడూ నోరు పెట్టని మనిషి అంత గట్టిగా చెప్పేసరికి ఆయన సరే అన్నాడు.

అంతకంటే పెద్ద వింత ఇంకొకటి ఉంది. ఆయన పొద్దున పేటలో రక్తం ఇచ్చి, రిపోర్టు తీసుకుని, డాక్టరుకు చూపించి, సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి కంచంలో కూర మారిపోయి ఉండేది. పొటాషియం పెరిగిందని డాక్టరు చెప్పిన రోజు, ఈయన ఇంకా నోరు విప్పకముందే, టమాటా పప్పు పోయి సొరకాయ కూర వచ్చింది. ఉప్పు మానమన్న రోజు ఆవకాయ జాడీ అటకెక్కింది. "నీకెట్టా తెలిసిందే?" అంటే, "మొహం చూస్తే తెలవదా" అనేది పిచ్చమ్మ. మొగుడి మొహంలో పొటాషియం కనిపెట్టగల ఇల్లాలు ఎందరికి దొరుకుతుందని వీరయ్య లోలోపల మురిసిపోయేవాడు.

మేనేజరు వెంకట్రామయ్య తాలూకాఫీసులో రిటైరై ఇక్కడ చేరినవాడు. రూలు లేని చోట కూడా ఆయనకు రూలు వాసన తగులుతుంది. ఆయన గదిలో ఒక పక్కగా ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పేరు శ్రీదివ్య. ఏదో పరిశోధన సంస్థ తరఫున ఈ ఆసుపత్రికి వచ్చి కొన్ని నెలలుగా పని చేస్తోంది.

"మాది మాచర్లేనండీ," అంది ఆమె, వీరయ్య ఏ ఊరని అడిగితే.

"మాచర్లలో ఎవరి తాలూకు?"

ఆమె తండ్రి పేరు చెప్పింది. వీరయ్య తెలుసన్నట్టు తలూపాడు. ఆయనకు తెలియదు. కానీ రాజకీయంలో ఉన్నవాడు తెలియదనకూడదు.

"చెప్పమ్మాయ్. నా ఫైలు ఎవరు చూశారు?"

శ్రీదివ్య మొదటి నుంచీ మొదలుపెట్టింది. "బాబాయ్, ఈ ఆసుపత్రిలో కాగితాలు తీసేసి అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు కదా. ఇప్పుడు ఎవరు ఏ పేషెంటు ఫైలు తెరిచినా, ఎవరు తెరిచారు, ఎప్పుడు తెరిచారు, ఏ పేజీ చూశారు, ఏమైనా రాశారా అన్నది కంప్యూటరే తనంతట తను రాసి పెట్టుకుంటుంది. దాన్ని లాగ్ అంటారు. నర్సుల టైము పేషెంట్ల దగ్గర ఎంత పోతోంది, కంప్యూటర్ ముందు ఎంత పోతోంది అని మేము ఆ లాగ్ చూసి లెక్క కడతాం."

"దానికంత తిప్పలెందుకు? నర్సుల్నే అడగొచ్చుగా."

"అడిగితే అందరూ పని చానా ఎక్కువనే చెబుతారు."

వీరయ్య ఒప్పుకున్నాడు. సాగరు కాలవ కింద పొలం ఉన్నవాడికి ఇది ఇంకొకరు నేర్పక్కర్లేదు. మన మడిలో నీళ్లు ఎవడు మళ్లించుకున్నాడని అడిగితే ఊరంతా అమాయకులే. పొద్దున్నే గట్టు మీద అడుగులు చూస్తే మాత్రం ఎవడొచ్చాడో, ఏ చెప్పులేసుకొచ్చాడో కూడా తెలుస్తుంది.

"పేర్లు నా దగ్గర ఉండవు," అంది శ్రీదివ్య. "నర్సులకూ నంబర్లే, పేషెంట్లకూ నంబర్లే. ముప్పై ఒకటో నంబరు నర్సు ఒకావిడ రోజూ డ్యూటీ దిగబోయే ముందు ఒక పెద్దాయన ఫైలు తెరుస్తుంది. ఆయన ఆమె పేషెంటు కాదు. ఆమెది పైన పిల్లల వార్డు. రిపోర్టులు చూస్తుంది, మూసేస్తుంది. కొత్త రిపోర్టు ఉన్నా చూస్తుంది, లేకపోయినా చూస్తుంది. దీన్ని పని కింద వెయ్యాలో, ఇంకోదాని కింద వెయ్యాలో తెలియక మీటింగులో అడిగాను." ఆమె తల వంచుకుంది. "అడక్కుండా ఉండాల్సింది."

"అడగటమే మంచిదైంది," అన్నాడు వెంకట్రామయ్య. "ఏ నంబరు ఎవరిదో నా దగ్గరుంది. ఆ పేషెంటు తమరే. నర్సు పేరు చెప్పటానికి రూలు ఒప్పుకోదు. తనకు సంబంధం లేని ఫైలు తెరిస్తే ఉద్యోగం తీసెయ్యాలి. తమరు నాకేం అభ్యంతరం లేదని రాసిస్తే వదిలెయ్యొచ్చు. కంప్లెయింటు రాసిస్తే ఇవాళే పంపించేస్తాం. ఇంక తమ దయ."

వీరయ్యకు విషయం మొత్తం అర్థమైపోయింది. అంటే, ఆయనకు అర్థమైందని ఆయన అనుకున్నాడు.

"ఇది కొండలు పని," అన్నాడు.

"కొండలు ఎవరండీ?"

"మా ఊళ్లో ఎదుటి పార్టీ మనిషి. నా జబ్బు సంగతి కూపీ లాగి ఎలక్షన్లో దండోరా వేద్దామని ఇక్కడ మనిషిని పెట్టాడు."

కొండలు తనకు వియ్యంకుడన్న సంగతి చెప్పలేదు. నాలుగేళ్లుగా ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పటం లేదు. వీరయ్య కూతురు హరిత నర్సింగు చదివి, కొండలు కొడుకు కోటిబాబును పెళ్లి చేసుకుంది. కోటిబాబుకు సొంత టిప్పరుంది, క్వారీ నుంచి రాయి తోలతాడు, చెడు అలవాట్లు లేవు. వంక పెడదామన్నా మనిషిలో ఏమీ దొరకదు. కులం వేరు. అసలు కారణం అదే, కానీ ఆ మాట వీరయ్య పైకి అనలేదు, ఎందుకంటే ఆ కులం ఓట్లు ఊళ్లో బాగానే ఉన్నాయి. పైకి చెప్పింది ఏమిటంటే, కొండలు పోలింగు రోజున ఎదుటి పార్టీ ఏజెంటుగా కూర్చున్నాడని. దణ్ణం పెట్టటానికి వచ్చిన పిల్లను గుమ్మంలోనే ఆపి, "ఇంక నా మొహం చూడబాకు" అన్నాడు. హరిత ఆయన కూతురే కాబట్టి అన్న మాటను అన్నట్టే పట్టుకుంది. మళ్లీ ఎదురుపడలేదు. గుంటూరులో ఏదో ఆసుపత్రిలో చేస్తోందని ఎప్పుడో చెవిన పడింది. అంతకుమించి అడగలేదు. అడిగితే తెలుసుకోవాలని ఉన్నట్టవుతుంది.

"రాయండి మేనేజరుగారూ, నేను చెప్తా," అన్నాడు వీరయ్య కండువా సర్దుకుని.

అర్జీలు చెప్పి రాయించటంలో పల్నాడు మొత్తం మీద ఆయనకు పేరుంది. వెంకట్రామయ్యకు కూడా అర్జీలు రాసుకోవటం ఇష్టమే. రిటైరయ్యాక ఆ సుఖం తగ్గింది. ఇద్దరూ ఉత్సాహంగా మొదలుపెట్టారు.

"అయ్యా, నా అనుమతి గాని, నా ఎరుక గాని లేకుండా, నా రాజకీయ ప్రత్యర్థుల ప్రోద్బలంతో..."

"బాబాయ్, ఒక్క మాట," అంది శ్రీదివ్య. తన లెక్కల వల్ల ఎవరిదో ఉద్యోగం పోతోందని ఆ పిల్ల మొహం అప్పటికే పాలిపోయింది. "ఆమె ఏదీ ప్రింటు తియ్యలేదు. కాపీ చెయ్యలేదు. మీ అడ్రసు, ఫోను నంబరు ఉన్న పేజీ ఒక్కసారి కూడా తెరవలేదు. రక్తం రిపోర్టులు తప్ప ఇంకేం చూడలేదు. కూపీ లాగేవాళ్లు అన్నీ చూస్తారు కదా."

"నువ్వు చదువుకున్నదానివమ్మా. రాజకీయం తెలవదు."

"మొత్తం మీద ఆమె మీ ఫైల్లో రాసింది కూడా ఒకే ఒక్కసారి. పడని మందులు అని ఒక గడి ఉంటుంది, దాంట్లో."

వీరయ్య కుర్చీలో ముందుకు జరిగాడు. "నా ఫైల్లో రాసిందా? ఏం రాసింది?"

"రాసినట్టు తెలుస్తుంది గాని ఏం రాశారో నాకు కనపడదు. మీ ఫైలు కాబట్టి మీరు చూడొచ్చు."

"తియ్యండి మేనేజరుగారూ. ఏం మందు పెట్టి చంపుదామనుకున్నారో చూద్దాం."

వెంకట్రామయ్య తన కంప్యూటరులో ఫైలు తెరిచాడు. వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. చుట్టూ అంతా ఇంగ్లీషు, మధ్యలో ఆ ఒక్క గడిలోనే తెలుగు ఉంది. ఆయన తాలూకాఫీసులో అడంగలు చదివినట్టు ఒకే గొంతుతో చదివాడు.

"సల్ఫా మందు పడదు. ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. అడిగితే ఏమీ లేదంటారు. నమ్మవద్దు."

ముందుకు జరిగిన వీరయ్య మెల్లగా కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు.

మొదటిసారి సర్పంచికి నామినేషను వెయ్యబోయే ముందు ఆయనకు జ్వరం తగిలింది. ఊళ్లో ఆరెంపీ డాక్టరు ఇచ్చిన బిళ్ల వేసుకుంటే తెల్లారేసరికి ఒళ్లంతా దద్దుర్లు, మొహం బూరెలాగా ఉబ్బింది. ఆ మొహంతో నామినేషనుకు పోతే, అమ్మవారు పోసిందనో, ఎవరో చేతబడి చేశారనో అని సగం ఓట్లు అక్కడే పోతాయి. మిర్చి బస్తాలు పెట్టిన కొట్లోకి దూరి తలుపేసుకున్నాడు. పుస్తకం కోసం అటు వచ్చిన హరిత చూసింది. అప్పుడది ఇంటర్ చదువుతోంది. అరవలేదు, అమ్మను పిలవలేదు. ఆయన తల మీద తువ్వాలు కప్పి, స్కూటీ వెనక ఎక్కించుకుని, పొలాల దారిన పేటకు తీసుకుపోయి ఇంజెక్షను చేయించింది. ఇక జన్మలో సల్ఫా జోలికి పోవద్దని డాక్టరు చెబుతుంటే ఆయనకంటే శ్రద్ధగా విన్నది. తిరిగొచ్చేటప్పుడు తండ్రీ కూతుళ్లు ఒక మాట అనుకున్నారు. ఇంట్లో అడిగితే కందిరీగలు కుట్టాయని చెప్పాలి. పిచ్చమ్మకు ఈనాటికీ అవి కందిరీగలే.

ఆ రహస్యం తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే. ఆ ఇద్దర్లో ఒకడు ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుని, రెండోదాని ఉద్యోగం తీసెయ్యమని అర్జీ రాయిస్తున్నాడు.

సొరకాయ గుర్తొచ్చింది. అటకెక్కిన ఆవకాయ జాడీ గుర్తొచ్చింది. గుంటూరు వద్దు, పేటే ముద్దు అన్న పిచ్చమ్మ పట్టుదల గుర్తొచ్చింది. మొహంలో పొటాషియం కనపడదని, ఎవరికీ కనపడదని, వీరయ్యకు ఇన్నాళ్లకు తెలిసింది. పైన ఎక్కడో హరిత ఈయన నెత్తురు లెక్కలు చూడటం, ఇంటికి ఫోను పోవటం, ఇంట్లో కూర మారటం. ఇదంతా జరుగుతుంటే తాను ఖాళీ సంచి ఊపుకుంటూ బస్సు ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు.

వీరయ్యకు ఏడుపొచ్చింది. అలవాటు ప్రకారం దాన్ని కోపం కింద మార్చుకుందామని చూశాడు. ఈసారి మారలేదు.

"ప్రత్యర్థుల ప్రోద్బలంతో, దాకా రాశానండీ," అన్నాడు వెంకట్రామయ్య. "తర్వాత?"

"కొట్టెయ్."

"ఏ ముక్కండీ?"

"అంతా."

వెంకట్రామయ్య బాధగానే కొట్టేశాడు. మంచి అర్జీ అయ్యేది అది.

"అభ్యంతరం లేదని రాయండి."

"రాస్తానండీ. కానీ ఊరికే అభ్యంతరం లేదంటే కుదరదు. ఆమె తమకు ఏమవుతుందో రాయాలి. ఏమీ కాదంటే మళ్లీ మొదటికే వస్తుంది, సంబంధం లేని ఫైలు తెరిచినట్టే లెక్క."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. శ్రీదివ్య వీరయ్య వంక చూస్తోంది. ఆమెకు అప్పటికే సగం అర్థమైంది. మిగతా సగం ఆయన నోటి నుంచి రావాలి. నాలుగేళ్లుగా పెళ్లిళ్లలో, పంచాయితీల్లో, బస్టాండులో ఎవరడిగినా "నాకు పిల్లల్లేరు" అని తడుముకోకుండా చెప్పిన నోరు అది. ఆ నోటికి ఇప్పుడు ఒక చిన్న మాట మోయలేనంత బరువైంది.

"కూతురు," అన్నాడు.

"ఎవరికండీ?"

"నాకేనయ్యా."

వెంకట్రామయ్య కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ముందున్న జాబితాలో ముప్పై ఒకటో నంబరు ఎదురుగా ఉన్న పేరు చూశాడు, వీరయ్యను చూశాడు. "కూతురైతే నాన్నా ఎట్టా ఉన్నావని మిమ్మల్నే అడగొచ్చుగా. ఈ దొంగచాటు చూపులు ఎందుకండీ?"

"నా మొహం చూడబాకని చెప్పా," అన్నాడు వీరయ్య. "ఫైలు చూడబాకని చెప్పలా. దాని తప్పేం లేదు. అట్టాగే రాయండి."

వెంకట్రామయ్య అట్టాగే రాశాడు. కానీ రాసినవాడు రాసి ఊరుకోలేదు. "ఇందులో ఒక చిక్కుందండీ. ఫైలు తెరవగానే ముందు వచ్చేది తమ మొహమే." కంప్యూటరును ఇటు తిప్పాడు.

మొదటిసారి వచ్చినప్పుడు కింద కౌంటరులో తీసిన ఫొటో అది. గడ్డం మాసి ఉంది. ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి, నోరు సగం తెరిచి, మెడకు ఒక తువ్వాలు. పోయిన మనిషికి పత్రికలో వేసే ఫొటో కూడా ఇంతకంటే బాగుంటుంది.

"రోజూ ఇదే చూస్తందా?" అని వీరయ్య శ్రీదివ్యను అడిగాడు.

"ఇదే బాబాయ్. ప్రతి పేజీ మీదా ఉంటుంది."

"దీన్ని చూసి ఏమనుకుంటదో." ఇంకాసేపు ఆ ఫొటో వంకే చూశాడు. "ఇది మార్చొచ్చా?"

"మార్చొచ్చు. కింద కౌంటర్లో చెబితే చాలు." ఆ పిల్ల ఉండబట్టలేకపోయింది. "బాబాయ్, ఆమె ఇప్పుడు డ్యూటీలోనే ఉంటుంది. మెట్లెక్కితే పిల్లల వార్డే."

"అన్న మాట వెనక్కి తీసుకోవటం వచ్చిన పనైతే ఈపాటికి ఎప్పుడో తీసుకునేవాణ్ణమ్మా," అన్నాడు వీరయ్య. అందులో గొప్పేమీ లేదు, చేతకాని పని గురించి చెప్పినట్టే చెప్పాడు. లేచి, ఖాళీ సంచి చేతిలోకి తీసుకున్నాడు.

"మరి నా లెక్కలో దీన్ని ఏం రాసుకోను? పని కింద వెయ్యనా, వద్దా?" అంది శ్రీదివ్య.

వీరయ్య గుమ్మం దగ్గర ఆగి ఆలోచించాడు. "జబ్బు మనిషిని నలుగురూ వచ్చి చూసిపోతారుగా. అట్టా రాసుకో. చూసిపోతంది అని."

కింద కౌంటరులో హీనా అనే అమ్మాయి కూర్చుని ఉంది. వచ్చినవాళ్ల పేర్లు ఎక్కించి, ఫొటోలు తీసేది ఆమే. వీరయ్య ఆమె దగ్గరికి వెంటనే వెళ్లలేదు. ముందు బయటికి పోయి, రోడ్డవతల దుకాణంలో గడ్డం గీయించుకున్నాడు. కుళాయి దగ్గర తల తడుపుకుని దువ్వుకున్నాడు. చొక్కా పై గుండీ పెట్టుకుని, కండువా మడత విప్పి, నామినేషను రోజున వేసుకున్నట్టు వేసుకున్నాడు. అప్పుడొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఇటు చూడండి తాతయ్యా," అంది హీనా.

తాతయ్య అన్నందుకు మామూలుగా అయితే ఆయన ఒక మాట అనేవాడు. ఇవాళ అనలేదు. చిన్న కెమెరా వైపు చూశాడు. టక్కుమంది.

"అయిపోయింది. చూసుకోండి."

చూసుకున్నాడు. రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి. గడ్డం లేదు. ఎలక్షన్లో గోడల మీద అంటించే పోస్టరుకు పనికొచ్చేటట్టు, బిగదీసుకుని, దర్జాగా ఉన్నాడు.

"ఇది ఎప్పటికి మారుద్దమ్మా?"

"ఇప్పుడే తాతయ్యా. నేను ఓకే నొక్కితే చాలు. ఇంక ఎవరు ఫైలు తెరిచినా ఇదే కనపడిద్ది."

"పైన పిల్లల వార్డులో కూడానా?"

"యాడైనా కనపడిద్ది."

వెనక లైను పెరిగిపోతోంది. ఎవరో దగ్గుతున్నారు, ఎవరో ఇంకెంతసేపని గొణుగుతున్నారు. వీరయ్య ఆ ఫొటోలో ఉన్న మనిషిని పరాయివాణ్ణి చూసినట్టు నిదానంగా చూశాడు. నాలుగేళ్ల కింద గుమ్మంలో నిలబడి హరిత చివరిసారిగా చూసి వెళ్లిన మొహం సరిగ్గా ఇట్టాగే ఉండి ఉంటుంది.

"ఉండమ్మాయ్, నొక్కబాకు," అన్నాడు. "ఇంకోటి తియ్. దీంట్లో కోపంగా ఉన్నా."